అద్దాల బీరువాలో గాలిపెట్టె

సర్వేవాళ్ల బస,
బస్సు డిపో వెనక సందు,
ఎండలు మొదలైన వారం

వదినా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చుంటే నా చీర నాకే సిగరెట్టు కంపు కొడుతోంది. నేను కాల్చింది కాదు, ఊరివాళ్లు కాల్చింది. ఇళ్లలో పొగాకు పొగ ఎంత పేరుకుందో కొలిచే పని అని చెప్పాను కదా. గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది, గాలి కొలిచే పెట్టె అక్కర్లేదు. కానీ ముక్కు చెప్పిన సాక్ష్యం ఏ మగవాడూ ఒప్పుకోడు, అంకె కావాలంటాడు.

నిన్న ఒకావిడ గోడమీది పటం తీసి చూపించింది. పటం ఉన్నంత మేర గోడ తెల్లగా ఉంది, చుట్టూ టీ ఒలికి ఎండిన రంగు. "మా ఆయన కిటికీ దగ్గరే కాలుస్తారండీ, పాపం" అంది. ఆ పాపం ఎవరికి అంటుకుంటోందో చూద్దునా, కిటికీ కింద ఉయ్యాల. ఇంకోచోట ఒక లెక్చరరు నాకే పాఠం చెప్పాడు. గాలి గుంజే ఫ్యాను కింద నిలబడి కాలుస్తాడట, పొగ పిల్లల గదిలోకి వెళ్లదట. "అలా వెళ్లొద్దని దానికి మీరు చెప్పారా?" అన్నాను. మా ఆఫీసరు నా కాలు తొక్కాడు. అందరూ ఒకటే మాట, "నా ఇల్లు, నా ఇష్టం." ఇల్లు నీదే నాయనా. అందులో ఇంకొకరి ఊపిరితిత్తులు కూడా నీ సామానేనా? అసహ్యం వేస్తోంది వదినా. పొగ మీద కన్నా ఆ ధీమా మీద.

ఇంతకీ పని. మిల్లు క్వార్టర్స్‌లో చిన్నపిల్లలున్న ఇళ్లు కూడా కావాలన్నాడు మా ఆఫీసరు. మీ ఇల్లు రాయించాను. నీ మనవరాలు పిచ్చుక, తల్లి డ్యూటీ దిగేదాకా మీ దగ్గరే కదా. దాని దగ్గు ఎలా ఉంది? నీ కూతురి బస్సు ఈ డిపోకే వస్తుంది కాబట్టి పెట్టె దానిచేత పంపుతున్నాను. సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది. గాలిని లోపలికి పీల్చుకుని, అందులో సన్నని ధూళి ఎంతుందో లెక్కపెట్టి దాచుకుంటుంది. చప్పుడూ చెయ్యదు, దీపమూ లేదు. ముందు గదిలో ఉంచు, రెండు వారాలు ముట్టుకోకు. చాలా ఖరీదైన సామాను, జాగ్రత్త.

ఇది చూస్తే అన్నయ్యకి పాత రోజులు గుర్తొస్తాయి. మిల్లులో దూది దుమ్ము కొలిచే పెట్టెని యాజమాన్యం ఎక్కడ పెట్టిందో మర్చిపోయావా? మేనేజరు అద్దాల గదిలో! దుమ్మే లేదని రాసుకున్నారు. యూనియన్ సెక్రటరీగారు, అంటే మన మహానుభావుడు, అద్దం పగలగొట్టి పెట్టె బయటికి తెచ్చి దూది ఏకే యంత్రం పక్కన పెట్టాడు. చెయ్యి తెగి రక్తం కారుతుంటే బల్లెక్కి, "పెట్టె ఎక్కడుండాలో దుమ్ము పీల్చేవాడు చెప్పాలి, దుమ్ము లేపేవాడు కాదు" అన్నాడు. ఆ తరవాతే కదా మిల్లు గోడమీదికి ఎర్రదీపం వచ్చింది. దీపం వెలిగితే యంత్రాలు ఆపి అందరూ బయటికి. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ ఒక్క మాట పట్టుకునే. ఆ మాట అన్నవాడు రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు నడింట్లో కూర్చుని కాలుస్తాడని మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి.

నీ చిట్టి

*

మిల్లు క్వార్టర్స్,
వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని

చిట్టీ,

పెట్టె చేరింది. అమ్మాయి దాన్ని టికెట్ల సంచిలో పెట్టుకుని, పసిపిల్లని మోసినట్టు మోసుకొచ్చింది. నువ్వు మరీ అంత బెదిరించక్కర్లేదు. దాన్ని బంగారంలా చూసుకుంటున్నాను. ఈగ కూడా వాలదు.

పిచ్చుక దగ్గు సంగతి అడిగావు. తగ్గలేదు. పరిగెత్తితే పిల్లికూత లాంటిది వస్తుంది గుండెల్లోంచి. ఈ ఏడు రెండుసార్లు ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తాం. నీ దగ్గర దాచడమెందుకు, అది నావల్లే. మీ అన్నయ్య మొదటినుంచీ చెబుతున్నారు, "నీ మూకుడు పొగే దాని ప్రాణం తీస్తోంది" అని. ఉల్లిపాయ వేగితే నాకూ కళ్లు మండుతాయి కదా, నిజమే కాబోలు అనుకున్నాను. నూనె మూకుడు పొయ్యెక్కి మూడు నెలలైంది. అన్నీ ఉడకబెట్టడమే. మీ అన్నయ్య కంచం ముందు కూర్చుని "ఇది ఇల్లా, జైలా" అంటారు, సమ్మెల రోజుల్లో జైల్లో ఏం పెట్టారో ఆయనకి తెలుసు గనక ఏమీ అనలేను. ఇంత చేసినా దగ్గు అంగుళం తగ్గలేదు. ఇంకా ఏం మానెయ్యాలో తోచడం లేదు. గంజి వార్చేటప్పుడు వచ్చే ఆవిరి కూడా పడదంటావా?

అమ్మాయి తేల్చేసింది. "నాన్న పొగో, నీ పొయ్యో, నాకు అనవసరం. ఇంకోసారి ఆస్పత్రి మెట్లెక్కితే పిల్లని ఇక్కడ ఉంచను. డిపో దగ్గర పిల్లల్ని చూసే ఆవిడ ఉంది, డబ్బు కట్టి అక్కడ వదులుతాను" అంది. అల్లుడు లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతాడు, అది డ్యూటీకి పోవాలి, దాని బాధ దానిది. కానీ ఆ పరాయావిడ పదిమంది పిల్లల్లో దీని ఊపిరి ఎవరు వింటారు? నేనైతే పక్క గదిలోంచి వినగలను.

సాయంత్రాలు ఎప్పటిలాగే మీటింగు. ఫిట్టరు బావగారు, వాచ్‌మన్, ఇంకో ముగ్గురు. మిల్లు దుమ్ముకి ఊపిరి పోయినవాళ్ల నష్టపరిహారం గురించి రాత్రి దాకా మాట్లాడుకుంటారు. నేను మంచి కప్పులు తీసి టీ ఇస్తాను. తెల్లారి సాసర్లు కడగబోతే మిగిలిన టీలో సిగరెట్టు పీకలు నాని ఉబ్బి, చచ్చిన పురుగుల్లా తేలుతుంటాయి. వేలితో తియ్యాలి. కర్టెన్లు నానబెడితే నీళ్లు డికాషన్ రంగు. పిచ్చుక మొన్న పెన్సిలు నోట్లో పెట్టుకుని కాలుమీద కాలేసుకుని "ఫూ" అంది. "ఏం చేస్తున్నావే?" అంటే "నేను మీటింగులో ఉన్నాను, టీ తే" అంది. మీ అన్నయ్య పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండు వారాలయ్యాక పెట్టె అమ్మాయితో పంపుతాను.

మీ వదిన

*

సర్వేవాళ్ల బస,
మొదటి వాన పడ్డ రోజు

వదినా,

మీ ఇంటి లెక్క వచ్చింది. కూర్చుని చదువు.

శుభ్రం! మేం తిరిగిన ఇళ్లన్నిటిలోకీ శుభ్రం! మా ఆఫీసరు ఎగిరి గంతేశాడు. పాత యూనియన్ నాయకుడి ఇల్లు, ఆరుగురు కాల్చినా గాలి తేటగా ఉందంటే దాని కిటికీల అమరికలో ఏదో కిటుకుందట. కరపత్రంలో "ఆదర్శ గృహం" అని అన్నయ్య ఫొటోతో సహా వేస్తాడట. అన్నయ్యకి కూడా ఒక కాగితం పంపించేశాడు, నన్ను అడక్కుండానే. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలి కాబోలు.

అయినా మింగుడు పడటం లేదు. పెట్టె లెక్కలతో గీసిన గీత చూశాను. మీ ఇంట్లో పొగాకు పొగే కాదు, ఏ పొగా లేదు. అన్నం వండిన జాడ కూడా లేదు. వీధి ఊడ్చిన దుమ్ము లేదు. ఖాళీ ఇంట్లో తాళం వేసిన గదిలో కూడా ఇంత చదును గీత రాదు. సాయంత్రాలు మాత్రం చిన్న చిన్న బుడిపెలు, పైకి లేచి వెంటనే పడిపోతాయి. ఎవరో మూత తీసి మళ్లీ పెట్టినట్టు.

వదినా, పెట్టె ఎక్కడ పెట్టావు?

చిట్టి

*

మిల్లు క్వార్టర్స్,
వాన వెలిశాక

చిట్టీ,

అదేం ప్రశ్న? ముందు గదిలో ఉంచమన్నావు, అక్కడే ఉంచాను. అద్దాల బీరువాలో, మంచి కప్పుల పక్కన. అంత ఖరీదైన సామాను బయట పెడితే దుమ్ము పట్టదూ? పిచ్చుక చెయ్యి తగలదూ? కింద మెత్తటి గుడ్డ పరిచి, తలుపు బిగించి, తాళం వేసి తాళంచెవి కొంగుకి కట్టుకున్నాను. కప్పులు తీసేటప్పుడు తప్ప తెరవలేదు. తిరిగి నీకు చేరినప్పుడు చూశావుగా, కొత్తదానిలా లేదూ?

ఇక్కడ సంగతి బాగాలేదు. మీ ఆఫీసరు కాగితాన్ని మీ అన్నయ్య పటం కట్టించి, ఎదురుగోడకి వేలాడదీశారు. అమ్మాయి రాగానే దాన్ని దింపి చేతికిచ్చి, "చదువు. సర్కారు ముద్ర ఉంది. ఇంక నా సిగరెట్టు జోలికి రాకు. మీ అమ్మ వంటింటి సంగతి చూసుకోండి" అన్నారు. అమ్మాయి కాగితం చదివింది. నావైపు తిరిగి, "ఇంకా ఏం వండుతున్నావమ్మా నువ్వు?" అంది. వచ్చే నెల మొదటి రోజు నుంచి పిల్లని డిపో దగ్గర వదులుతుందట. పిచ్చుక బట్టలు ఉతికి మడత పెడుతున్నాను. ఎన్నిసార్లు ఉతికినా వాటికి సాయంత్రం మీటింగు వాసన పోదు.

నీకు నచ్చేలా కొలత వచ్చిందిగా, సంతోషం.

మీ వదిన

*

సర్వేవాళ్ల బస,
అదే వారం

వదినా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. తరవాత గుడ్లనీళ్లు వచ్చాయి. మా ఆఫీసరుకి చదివి వినిపించాను. కరపత్రం ఆగిపోయింది.

దుమ్ము కొలిచే పెట్టెకి దుమ్ము పట్టకుండా కాపాడావమ్మా తల్లీ! అది పీల్చాల్సింది పిచ్చుక పీల్చే గాలి. నువ్వు దానిచేత నీ కప్పులు పీల్చే గాలి పీల్పించావు. ఆ చిన్న బుడిపెలు నువ్వు టీకి కప్పులు తీసినప్పుడు బీరువాలోకి చొరబడ్డ పొగ. తలుపు తీసిన ఆ క్షణంలోనే అంత వస్తే బయట ఎంతుండాలి? తప్పు నీది కాదు. పిల్ల ముక్కు ఎత్తున, గోడకి, ఆరుబయట పెట్టు అని రాయాల్సింది నేను. ఇంట్లో ఖరీదైన వస్తువు ఎక్కడికి పోతుందో, ఇన్నేళ్లు నీ చేతి అన్నం తిని కూడా తట్టలేదు నాకు.

నీ పొయ్యి సంగతి ఇప్పుడు చెబుతా విను. వంటకి పొగ లేదని నేననను. మూకుడు కాగితే గీత లేస్తుంది, కిటికీ తీసి దించితే పడిపోతుంది. ఎక్కడ చూసినా అంతే. సిగరెట్టు గీత లేస్తుంది, పడదు. దానిమీద ఇంకోటి, దానిమీద ఇంకోటి, పడుకునేదాకా కొండ. ఆ కొండ కింద కూర్చుని ఇన్ని నెలలు ఉడకబెట్టిన కూర తిన్నావు, నేరం నీదని. ఎంత నీచం ఇది! మిల్లులో కూడా ఇదే కదా చెప్పింది యాజమాన్యం, "మా దుమ్ము కాదు, మీ ఇళ్లలో కట్టెల పొయ్యి వల్లే మీకు దగ్గు" అని. అన్నయ్య ఆ కాగితం చింపి మేనేజరు మొహాన కొట్టాడు. ఇప్పుడు అదే మాట తన నోట్లోకి ఎలా వచ్చింది? ఉమ్మిన చోటి నుంచే తీసుకుని పెట్టుకున్నాడా?

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. పెట్టె బీరువాలో ఉండగా అన్నయ్య చూశాడా?

రెండో పెట్టె పంపుతున్నాను. ఇది రెండో విడతది, దీనికి దీపం ఉంటుంది. గాలి మంచిదైతే పచ్చ, చెడుతుంటే పసుపు, చెడితే ఎరుపు, కీచుమని కూత కూడా. దీన్ని దాచకు. దయచేసి దాచకు. పిల్లని పంపడం నాలుగు రోజులు ఆపమని అమ్మాయికి నా మాటగా చెప్పు.

చిట్టి

*

మిల్లు క్వార్టర్స్

చిట్టీ,

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. "నీచం" దగ్గర ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చదివింది. బాగా రాస్తున్నావు. నేను నేర్పిన చదువే.

కానీ నేర్పింది సగమే పట్టింది నీకు. మిల్లు దుమ్ము లాభం కోసం లేపిన దుమ్ము. కార్మికుడికి వేరే దారి లేక పీల్చిన దుమ్ము. నా సిగరెట్టు మీద నేను ఏం లాభం తీస్తున్నాను? బతుకంతా యంత్రంతో యుద్ధం చేసినవాడికి మిగిలిన ఒక్క సుఖం అది. సిగరెట్టు కంపెనీల జోలికి పోయే ధైర్యం లేని సర్కారు, ముసలి కార్మికుడి గుమ్మంలో పెట్టె పెట్టి దొంగని పట్టుకున్నానంటోంది. నువ్వు ఆ పెట్టె మోస్తున్నావు. ముప్ఫై ఏళ్లు జనం కోసం తిరిగినవాణ్ణి నా నడింట్లో నిలబెట్టి బోనెక్కిస్తావా? ఇది ఇంటి విషయం. వీధిలోకి లాగకు.

పెట్టె ఎక్కడుందో చూసుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు.

నీ రెండో పెట్టె వచ్చింది. బొమ్మలా ఉంది. పిచ్చుకకి ఆడుకోడానికి పనికొస్తుంది.

మీ అన్నయ్య

*

సర్వేవాళ్ల బస,
నీ ఉత్తరం అందిన పూటే

అన్నయ్యా,

కంపెనీని నేను వదల్లేదు. దాని మీద నాతో కలిసి రోడ్డెక్కు, జెండా నేను మోస్తాను. కానీ నీ ఉత్తరం నిండా ఉన్నది ఆ కంపెనీ మాటే. "మిగిలిన ఒక్క సుఖం", "నా నడింట్లో". డబ్బిచ్చి ప్రకటన వేయించుకున్నా ఇంత బాగా రాయలేరు వాళ్లు. నీకు లాభం లేదన్నావు. ఉంది. లేచి వీధిలోకి వెళ్లక్కర్లేదు. ఆ నాలుగడుగులు మిగుల్చుకోడానికి ఒక పిల్ల ఊపిరి ఖర్చుపెడుతున్నావు. కార్మికుడికి వేరే దారి లేదన్నావు. పిచ్చుకకి ఏ దారి ఉంది? దానికి సంఘం లేదు, సమ్మె లేదు, ఎత్తు కూడా లేదు తలుపు గడియ అందడానికి.

ఇంటి విషయమట! మేనేజరు కూడా అదే కదా అన్నాడు, "ఇది మిల్లు లోపలి విషయం" అని.

నిన్ను బోనెక్కించడానికి రాలేదు ఈ పెట్టె. బల్లెక్కి నువ్వన్న మాట నీకు తిరిగి వినిపించడానికి వచ్చింది. నేను అడిగింది మాత్రం నువ్వు చెప్పలేదు. బీరువాలో ఉండగా చూశావా, లేదా?

చిట్టి

*

అమ్మాయి గది, డిపో పక్క మేడ,
రెండో అంతస్తు

చిట్టీ,

చిరునామా చూసి కంగారు పడకు. పిచ్చుక నా ఒళ్లోనే ఉంది, బాగానే ఉంది. జరిగింది వరసగా రాస్తాను.

ముందు నేను రాయకుండా దాచిన మాట. ఆయన చూశారు. పెట్టె బీరువాలో పెట్టిన రోజే చూశారు. కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని, అద్దం దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి చూశారు. నేను భయపడ్డాను, ఏమైనా తప్పు చేశానేమోనని. "అక్కడే ఉండనీ. మంచి చోటు" అన్నారు. నేను మెచ్చుకున్నారనుకున్నాను చిట్టీ. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను సర్దిన సామాను బాగుందని ఆయన అనడం అదే మొదలు. అందుకే నీకు రాయలేదు, దాచుకున్నాను. మేనేజరు అద్దాల గది సంగతి నీ మొదటి ఉత్తరంలో చదివీ, నాకు రెండూ కలవలేదు. నువ్వు "చూశాడా" అని అడిగిన రోజున కలిశాయి. ఆయన నీకు రాసిన ఉత్తరం నా ఎదురుగానే రాశారు. "తీరిక లేదు" అని రాస్తూ తలెత్తి నావైపు చూశారు. నేను సాసర్లు ఎత్తుకుపోయి, వాటిలో పీకలు వేలితో తీస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన బయటికి వెళ్లగానే మేకు, సుత్తి తీసుకున్నాను. పిచ్చుకని గోడకి ఆనించి నిలబెట్టి, దాని ముక్కు ఎక్కడికొచ్చిందో అక్కడ మేకు కొట్టాను. మీ ఆఫీసరు కాగితం పటం కింద, ఆయన కుర్చీకి ఎదురుగా. పెట్టె తగిలించాను. పచ్చదీపం. వంటింట్లోకి వెళ్లి ఇన్ని నెలల తరవాత మూకుడు పెట్టాను. ఉల్లిపాయలు ఎర్రగా వేయించాను. పసుపు దీపం వెలిగింది. అయితే నేనేనా అనుకున్నాను. కిటికీ తెరిచి, మూకుడు దించి, గిన్నెలు కడిగి వచ్చేసరికి పచ్చగా ఉంది. ఆ దీపం ముందు నేలమీద కూర్చుని ఆ వేపుడంతా నేనే తిన్నాను. పిచ్చుకకి ఒక ముద్ద పెట్టాను.

సాయంత్రం మీటింగు. నష్టపరిహారం వినతిపత్రం రాస్తున్నారు. ఆయన పెట్టెని చూసి, "ఓహో, గోడెక్కిందే!" అని నవ్వి సిగరెట్టు వెలిగించారు. ఆయన్ని చూసి మిగతావాళ్లు. రెండు దమ్ములైనా పడ్డాయో లేదో ఎర్రదీపం, కీచుమని కూత.

ఏమైందో చెబితే నమ్మవు. ఫిట్టరు బావగారు లేచి నిలబడ్డారు. సిగరెట్టు సాసర్లో పడేసి, చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. ఆయన వెనకే వాచ్‌మన్. వెనకే మిగతా ముగ్గురూ. ఎన్నేళ్లు ఆ మిల్లులో ఎర్రదీపం వెలగ్గానే యంత్రం వదిలి బయటికి నడిచారో, కాళ్లకి అలవాటు. వీధిలోకి వెళ్లాక గానీ తెలివి రాలేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, "ఎందుకొచ్చాంరా బయటికి?" అని నవ్వుకున్నారు. నవ్వి మళ్లీ లోపలికి వస్తారనుకున్నాను. ఫిట్టరు బావగారు గుమ్మం దాకా వచ్చి, దగ్గు ఆపుకుని, దీపం వైపు చూసి, "ఇంకా ఎర్రగానే ఉంది సెక్రటరీ. నువ్వే కదా రూలు పెట్టావు, పచ్చ పడేదాకా లోపలికి అడుగు పెట్టకూడదని" అన్నారు.

ఆయన ఒక్కరే కుర్చీలో ఉన్నారు, వేళ్ల మధ్య సిగరెట్టు కాలుతూ. "ఏమిటీ వేషాలు? రండి లోపలికి! అది ఆడదాని ఆట!" అని అరిచారు. పిచ్చుక ఆ అరుపుకో పొగకో దగ్గు అందుకుంది.

అప్పుడు అడిగాను. "పెట్టె బీరువాలో ఉండగా చూసి, మంచి చోటన్నారు కదా. ఎవరికి మంచిది?" అని. గుమ్మంలో అందరూ ఉన్నారు. ఆయన సిగరెట్టు బూడిద వినతిపత్రం మీదే దులిపారు. కాగితం మీద ఊపిరి పోయినవాళ్ల పేర్లున్నాయి, వాటి మీద బూడిద. దాన్ని అరచేత్తో తుడవబోయారు, నల్లగా పాకింది. ఫిట్టరు బావగారి పేరు కూడా అందులోనే ఉంది. బావగారు అది చూశారు, మొహం తిప్పుకున్నారు.

నేను పిల్లని చంకనేసుకున్నాను. మడత పెట్టిన బట్టలు ఎలాగూ మూట కట్టి ఉన్నాయి. అందరితో పాటే బయటికి నడిచాను. వాచ్‌మన్ మూట అందుకుని బస్సు దాకా వచ్చాడు. అమ్మాయి డ్యూటీ బస్సే తగిలింది. నన్నూ మూటనీ చూసి, "టికెట్టు తీసుకోమ్మా ముందు" అంది కళ్లు తుడుచుకుంటూ. పిల్లని పరాయావిడ దగ్గర వదలడం లేదు. నేనిక్కడే ఉంటాను. గది ఇరుకు, కానీ కిటికీ పెద్దది. పిల్లికూత పూర్తిగా పోలేదు. కాస్త పలచబడింది.

నిన్న ఆయన వచ్చారు. పైకి రాలేదు, వీధిలో నిలబడి పిలిచారు. నేను కిటికీలోంచి చూశాను. చొక్కా ఇస్త్రీ లేదు.

"రా ఇంటికి. ఇకనుంచి వరండాలో కాలుస్తాను, సరేనా?" అన్నారు.

"కిటికీ దగ్గర కాల్చినా పొగ ఎటు వస్తుందో చిట్టి రాసింది, వరండా అయినా అంతే" అన్నాను.

"ఇంకేం కావాలి నీకు? దిగి వస్తున్నాను కదా!"

"యాజమాన్యం మొదటిసారి ఇచ్చింది తీసుకోకూడదని మీరే కదండీ గేటు దగ్గర మైకులో చెప్పారు" అన్నాను.

కింద ఇస్త్రీ బండివాడు కిసుక్కున నవ్వాడు. ఆయన జేబులోకి చెయ్యి పోనిచ్చారు, అలవాటుగా. సిగరెట్టు పెట్టె బయటికి తీసి, పైన పిచ్చుక చూస్తోందని గమనించి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. అది మానేసినట్టు కాదు, నాకు తెలుసు. మొదటి మలుపు తిరగ్గానే వెలిగించి ఉంటారు. జాలి పడమని నువ్వు రాసినా పడను, నువ్వు రాయవులే.

నీ పెట్టె ఇక్కడికి తేలేదు. ఖరీదైన సామాను, నీకు లెక్క చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. ఆ మేకుకే ఉంది, పిచ్చుక ముక్కు ఎత్తున, ఆయన కుర్చీకి ఎదురుగా. దాని కూత ఆయనకి పడటం లేదని వాచ్‌మన్ చెప్పాడు. బీరువాలో పెట్టి తలుపేస్తే వినపడదు, నిజమే. కానీ తాళంచెవి నా కొంగునే ఉంది. అందులో పెట్టాలంటే ఆయన అద్దం పగలగొట్టాలి. ఆ పని ఆయనకి వచ్చు.

మీ వదిన